దాచిన జబ్బు, చెప్పిన జబ్బు

తెలుగు సినిమాలో రుమాలు మీద నెత్తుటి మరక కనబడిందంటే ఆ పాత్రకు ఇక రోజులు దగ్గరపడ్డాయని హాల్లో చివరి బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. కృష్ణగిరి జిల్లాలో ఆంధ్రా, కర్ణాటక సరిహద్దులను ఆనుకుని ఉన్న వేప్పనపల్లి వైపు తెలుగు ఇళ్లలో క్యాన్సర్ గురించి ఉన్న ఊహల్లో చాలా భాగం అలాంటి సినిమాల నుంచి వచ్చినవే. బడిలో తమిళం, సంతలో తమిళమూ కన్నడమూ, ఇంట్లో తెలుగు. కన్నీళ్లు పెట్టించే సినిమా మాత్రం తెలుగే. అందుకే ఆ సినిమాలను వినోదం కింద కొట్టిపారేయలేం. ఆస్పత్రిలో రిపోర్టు చేతికొచ్చిన పూట తండ్రికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కొడుకు నిర్ణయించుకునేది వాటిని బట్టే.

ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడదలచుకున్నవి ఒక సినిమా, ఒక పుస్తకం. సినిమా దాసరి నారాయణరావు తీసిన 'ప్రేమాభిషేకం' (1981). పుస్తకం నటి లీసా రే 2019లో ఇంగ్లీషులో రాసిన ఆత్మకథ 'క్లోజ్ టు ద బోన్'. 2002లో మహేశ్ బాబు పక్కన 'టక్కరి దొంగ'లో నటించిన అమ్మాయే ఈమె. మొదటిది జబ్బును దాచిన మనిషి కథ, రెండోది జబ్బును లోకానికి చెప్పిన మనిషి కథ. రెంటినీ ఒక అరుదైన జబ్బు దగ్గరికి తీసుకొచ్చి చూస్తే, ఏది మనకు అక్కరకొస్తుందో, ఏది దారి తప్పిస్తుందో తేలుతుంది. ఆ జబ్బు పేరు ఎక్స్‌ట్రామెడుల్లరీ ప్లాస్మాసైటోమా. ఎముక మూలుగ బయట పుట్టే ప్లాస్మా కణాల గడ్డ.

ప్లాస్మా కణాలు ఒంట్లోకి వచ్చిన క్రిములను ఎదుర్కొనే ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. వాటిలో కొన్ని ఎముకల లోపలి మూలుగలో ఉంటాయి. ఇంకా చాలా ముక్కు, గొంతు, పేగుల లోపలి తడి పొరల కింద కాపుంటాయి. అలాంటి కణం ఒకటి అదుపు తప్పి తనలాంటి వాటినే పుట్టిస్తూ పోయి, మూలుగ అంతటా పరుచుకుంటే అది మల్టిపుల్ మైలోమా. లీసా రేకి వచ్చింది అదే. ఒకే ఎముకలో గడ్డ కట్టి ఆగితే అది ఎముక ప్లాస్మాసైటోమా. ఎముకతో పని లేకుండా మెత్తటి చోట గడ్డ కడితే మనం చెప్పుకుంటున్న జబ్బు. జర్మన్ వైద్యుడు హెర్మన్ ష్రిడే 1905లో దీన్ని విడిగా వర్ణించాడు. ప్లాస్మా కణాల క్యాన్సర్లన్నిటిలో ఇది నూటికి 3 నుంచి 5 వరకే ఉంటుంది. వీటిలో దాదాపు 80 శాతం తల, మెడ భాగంలోనే వస్తాయి: ముక్కు లోపల, ముక్కు పక్క గదుల్లో, గొంతు పై భాగంలో, టాన్సిల్ దగ్గర, స్వరపేటికలో. ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఎక్కువ, అదీ యాభై, అరవై ఏళ్ల ప్రాయంలో.

ఆ ప్రాయంలోని మామిడి రైతును ఒకరిని ఊహించుకుందాం. నెలల తరబడి ఒక పక్క ముక్కు దిబ్బడ. పూతకాలం కదా, పడలేదనుకుంటాడు. మందుల షాపులో చుక్కల మందు అడిగి తెచ్చుకుంటాడు. ఒక రోజు తెల్లవారి ముఖం కడుక్కుంటుంటే ముక్కులోంచి నెత్తురు కారి తువ్వాలు తడిసిపోతుంది. ఇంట్లో అందరి కళ్ల ముందూ సినిమా రుమాలే ఆడుతుంది.

సినిమా తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇక్కడే. తెర మీద నెత్తురు కథ ముగింపుకు గుర్తు. ఈ జబ్బులో అది మొదటి కబురు. గడ్డ ముక్కులో ఉంది కాబట్టే, ఇంకా చిన్నదిగా, ఒకే చోట ఉండగానే నెత్తురు కారి తన ఉనికిని బయటపెట్టుకుంటుంది. మైలోమాకు ఆ మర్యాద లేదు. అది ఎముకల లోపల నిశ్శబ్దంగా పెరిగి, నడుము నొప్పిగానో, అలసటగానో, రక్తహీనతగానో, మూత్రపిండాల దెబ్బగానో కనబడేసరికి చాలా దూరం వచ్చేసి ఉంటుంది. ఒకే జాతి కణం, రెండు రకాల నడవడి. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి ఆ వారంలోనే వెళ్లిన మనిషికీ, 'అయిపోయింది' అని గుండె జారి మంచం పట్టిన మనిషికీ మధ్య తేడా ఆ నెత్తుటి మరకను ఎలా చదివారన్నదే.

'ప్రేమాభిషేకం' దగ్గరికి వద్దాం. అక్కినేని నాగేశ్వరరావు పోషించిన రాజేశ్‌కు క్యాన్సర్ అని తెలుస్తుంది. తాను ప్రేమించిన దేవి (శ్రీదేవి) తన కోసం బతుకు పాడు చేసుకోకూడదని, వేశ్య జయంతి (జయసుధ) ఇంట్లో పడి తిరిగే తాగుబోతుగా నటిస్తాడు. దేవి అసహ్యించుకునేలా చేసి, ఆమెకు వేరే పెళ్లి జరిగేలా చూస్తాడు. దర్శకుడి పనితనాన్ని కాదనలేం. ప్రేమను ద్వేషంగా వేషం కట్టించడంలో నాటకీయత ఉంది, జయంతి పాత్రలో మన సినిమాలు అరుదుగా చూపే హుందాతనం ఉంది. నాగేశ్వరరావు పాత సినిమా 'దేవదాసు'లోని తాగుడు ఓడిపోయినవాడి తాగుడు, రాజేశ్ తాగుడు త్యాగం చేసినవాడి నటన. అదే నటుడు దాదాపు ముప్పై ఏళ్ల ఎడంలో రెండూ చేయడం ప్రేక్షకుడికి గుర్తొస్తుంది, గుర్తు రావాలనే దాసరి తీశాడు.

అయితే ఆ కథలో క్యాన్సర్ జబ్బుగా ఉండదు, గడువుగా ఉంటుంది. ఏం వైద్యం జరుగుతోంది, ఎవరు తోడు వెళ్తున్నారు, ఎంత ఖర్చవుతోంది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. దాచడమే ప్రేమకు పరాకాష్ఠ. మన ఇళ్లు ఈ పాఠాన్ని నేర్చుకున్నాయి, కాకపోతే తిరగేసి నేర్చుకున్నాయి. సినిమాలో రోగి తనవాళ్ల దగ్గర దాస్తాడు, మన ఇళ్లలో తనవాళ్లు రోగి దగ్గర దాస్తారు. "నాయనకు చెప్పొద్దు సార్, తట్టుకోలేడు" అన్న మాట డాక్టరు గది తలుపు దగ్గర ఎన్నిసార్లు వినబడుతుందో ఆస్పత్రుల చుట్టూ తిరిగిన వాళ్లకు తెలుసు. రాజేశ్‌కు కనీసం తన జబ్బు తనకు తెలుసు. దాచాలా, చెప్పాలా అన్న నిర్ణయం అతనిది. మన రైతుకు ఆ హక్కు కూడా మిగలదు.

'మాతృదేవోభవ' (1993) ఈ విషయంలో ఒక మెట్టు పైనుంటుంది. సిబి మలయిల్ మలయాళంలో తీసిన 'ఆకాశదూతు'కు తెలుగు రూపం అది, దర్శకుడు కె. అజయ్ కుమార్. మాధవి పోషించిన శారద తన జబ్బు తెలిసిన తరువాత దాచి కూర్చోదు, పనికి పూనుకుంటుంది. పిల్లల్ని ఒక్కొక్కరినీ దత్తతకు ఇచ్చుకుంటూ పోతుంది. జబ్బు వస్తే ఇల్లు ఏమవుతుంది, అవిటి పిల్లవాణ్ణి ఎవరు తీసుకుంటారు అనే ప్రశ్నను అంత సూటిగా అడిగిన తెలుగు సినిమా నాకు మరొకటి కనబడలేదు. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చిన పాట అందులోదే. ఆ పాట విని ఏడవని ఇల్లు మా వైపు ఉండదు. కానీ శారదకు కూడా వైద్యం అనేది లేదు. రక్తపు క్యాన్సర్ అనగానే కథ దత్తతల వైపు తిరుగుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారు చేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సర్‌ను కొంతకాలం తగ్గించి చూపింది 1948లో. అంటే ఈ సినిమాకు నలభై ఐదేళ్ల ముందు. పెద్దవాళ్లలో ఆ జబ్బు 1993లోనూ చాలా కష్టమైనదే, శారదను బతికించి తీరాలని నేననడం లేదు. కానీ ఒక్క సన్నివేశంలోనైనా 'ఏం చేయవచ్చు' అని ఎవరూ అడగకపోవడం ఆ కథ మనకు మిగిల్చిన లోటు. ప్రేక్షకుడు చావుకు తయారవుతాడు, చికిత్సకు తయారవడు.

ఇప్పుడు లీసా రే. 2009 జూన్ 23న ఆమెకు మల్టిపుల్ మైలోమా అని తేలింది. వయసు 37. అంతకు ముందు చాలా కాలంగా అలసట, నీరసం ఉన్నా పని మీద పని చేసుకుంటూ పోయింది. తేలిన కొద్ది నెలలకే టొరంటో చిత్రోత్సవానికి వెళ్లింది. స్టెరాయిడ్ మందుల వల్ల ముఖం ఉబ్బి ఉంది. అందం మీద బతికిన మనిషి ఆ ముఖంతోనే కెమెరాల ముందు నిలబడి, తనకున్న జబ్బు పేరు చెప్పింది. రోజు రోజుకూ ఏం జరుగుతోందో రాసి అందరి ముందు పెట్టింది. తరువాత సొంత మూలకణాల మార్పిడి చేయించుకుంది. పదేళ్ల తరువాత వచ్చిన పుస్తకంలో ఈ కథంతా ఉంది.

ఆ పుస్తకంలో అంతా నాకు నచ్చదు. ఊళ్లు, దేశాలు, గురువులు, ధ్యానాలు, ఆహార నియమాలు, ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే మధ్యలో జబ్బు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. కెనడాలో ప్రభుత్వ వైద్యం అండగా ఉన్న మనిషి నిబ్బరాన్ని వేప్పనపల్లి నుంచి బయల్దేరే మనిషి అరువు తెచ్చుకోలేడు. మా ఊరి రేషన్ కార్డు తమిళనాడుది. పక్కనే ఉన్న కుప్పంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంటుంది, అది ఆంధ్రా కార్డు ఉన్నవాళ్లకు. బెంగళూరు కిద్వాయ్ కర్ణాటకది. వేలూరు సి.ఎం.సి.లో తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, అక్కడ డబ్బు చూసుకోవాలి. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన రాష్ట్రంలోదే, 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి పెట్టింది, కానీ వారాల తరబడి చెన్నైలో ఉండటానికి చోటు కావాలి. మూడు రాష్ట్రాల మధ్య నిలబడిన మనిషికి ఎటు పోవాలన్నదే మొదటి సమస్య. లీసా రే పుస్తకంలో ఈ సమస్య లేదు, ఉండదు కూడా.

ఇంత తక్కువ చేసి చూసినా ఆ పుస్తకం 'ప్రేమాభిషేకం' కంటే మనకు దగ్గరిదని నా నమ్మకం. కారణం తెలియాలంటే ఆ రైతుకు వైద్యం ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి.

ముక్కులో గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సి.డి.138 అనే గుర్తు ఉన్న ప్లాస్మా కణాలు కనబడతాయి, అన్నీ ప్రతిరక్షకంలో భాగమైన ఒకే రకం తేలిక గొలుసును, అంటే కప్పా అయితే కప్పా, ల్యాంబ్డా అయితే ల్యాంబ్డా మాత్రమే, తయారు చేస్తుంటాయి. అక్కడితో గడ్డ ఏమిటో తెలిసింది, జబ్బు ఏమిటో తెలియలేదు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూడాలి. అందులో ఆ కణాలు లేకపోవాలి, ఉన్నా నూటికి 10కి లోపే ఉండాలి. ఒళ్లంతా స్కాన్ తీస్తే ఎముకలు చెక్కుచెదరకుండా ఉండాలి. రక్తంలో కాల్షియం పెరగకూడదు, మూత్రపిండాలు దెబ్బతినకూడదు, హిమోగ్లోబిన్ పడిపోకూడదు. మామూలుగా పరీక్ష అంటే ఏదో ఒకటి దొరకడం. ఇక్కడ ఒక్కొక్క కాగితం మీద 'లేదు, లేదు' అని వస్తేనే మంచి వార్త. ఏ 'లేదు' ఎందుకు మంచిదో ఎవరైనా కూర్చోబెట్టి తెలుగులో చెప్పకపోతే, ఇంగ్లీషు రిపోర్టుల కట్ట చూసి ఇంటిల్లిపాదీ భయపడుతుంది.

తరువాత మా వైపు 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్. ఈ గడ్డ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. మొదట ముఖానికి మాస్కు చేస్తారు. తెల్లటి ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక, పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, నుదురు, ముక్కు, గడ్డం ఒంపుల వెంబడి చేత్తో అదుముతారు. కొన్ని నిమిషాల్లో అది చల్లారి, ఆ ముఖం అచ్చులోనే గట్టిపడుతుంది. దాని వల కన్నాల్లోంచి గాలి ఆడుతుంది, చూపు ఆనుతుంది. ప్రతి రోజూ ఆ మాస్కు పెట్టి, దాని అంచులను బల్లకు బిగిస్తారు, తల వెంట్రుకవాసి కదలకుండా. గదిలో ఇంకెవ్వరూ ఉండరు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగైదు వారాలు, మొత్తం 40 నుంచి 50 గ్రే. నోరు ఎండుతుంది, రుచి పోతుంది, చర్మం నల్లబడుతుంది, మెల్లగా సర్దుకుంటుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఆ చోట గడ్డ మళ్లీ రాదు. చిన్న గడ్డయితే కొందరికి ఆపరేషన్‌తో కూడా పోతుంది.

తండ్రికి తెలియకుండా ఇదంతా చేయించడం ఎలాగో ఒక్కసారి ఆలోచించండి. ముఖాన్ని బల్లకు బిగించి, గదిలో ఒంటరిగా వదిలి, ఇరవై రోజులకు పైగా రోజూ తీసుకెళ్తూ, 'ఏం లేదు నాయనా, ముక్కులో కండ పెరిగింది' అని చెప్పగలరా? చెప్పినా ఆయన నమ్ముతాడా? నమ్మినట్టు నటిస్తాడు. ఒకరి దగ్గర ఒకరు నటిస్తూ ఇల్లు మొత్తం 'ప్రేమాభిషేకం' ఆడుతుంది.

ఆ నటన వల్ల అసలు నష్టం రేడియేషన్ అయిపోయాక మొదలవుతుంది. ఈ జబ్బు వచ్చిన వాళ్లలో నూటికి 10 నుంచి 30 మందికి తరువాతి ఏళ్లలో మైలోమా బయటపడుతుంది. ఎముకలో వచ్చే ప్లాస్మాసైటోమాకు ఇది సగం మందికి పైనే, ఆ లెక్కన మన రైతు అదృష్టవంతుడు. లండన్ రాయల్ మార్స్‌డెన్ ఆస్పత్రి వైద్యురాలు ఈవ్ విల్ట్‌షా 1976లో ఈ మూడు జబ్బుల నడకను పక్కపక్కన పెట్టి రాసిన వ్యాసం ఈ తేడాను స్పష్టం చేసింది. వైద్యంలో తులనాత్మక విమర్శ అంటే అలా ఉండాలి అనిపిస్తుంది నాకు. కణం ఒకటే కదా అని మూడింటినీ ఒక గాటన కట్టేయకుండా, ఏది ఎటు పోతుందో ఓపికగా వెంబడించి చూసింది ఆమె.

అంటే ముక్కు బాగుపడి, పనికి పోతూ, ఏ నొప్పీ లేని మనిషి కొన్ని నెలలకొకసారి ఆస్పత్రికి వెళ్లి రక్తం ఇవ్వాలి. ఒకే రకం ప్రతిరక్షకం పోగవుతోందా అని ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షలో చూస్తారు. ఏడాది, ఐదేళ్లు, పదేళ్లు, ఆ తరువాత కూడా. ఎందుకు వెళ్తున్నాడో తెలియని మనిషి ఎన్నాళ్లు వెళ్తాడు? "గెడ్డ కరిగిపోయింది, ఇంగేముండాది?" అని రెండో ఏడాదే మానేస్తాడు. ఆయన్ను తప్పుపట్టలేం. ఏ జబ్బో చెప్పకుండా, పరీక్ష మాత్రం చేయించుకోమన్నారు.

సినిమాలు ఇక్కడికి రావు. రాజేశ్ చనిపోవడంతో కథ ముగుస్తుంది, శారద కథా అంతే. వైద్యుల కేసు రిపోర్టులు కూడా తమ పద్ధతిలో తొందరగా ముగుస్తాయి. ఇన్నేళ్ల పురుషుడు, ముక్కు దిబ్బడ, ఫలానా పరీక్షలు, ఫలానా డోసు, ఇన్ని నెలలుగా జబ్బు జాడ లేదు, సమాప్తం. పాతకాలం వైద్యులు ఇంతకంటే మనిషిని చూసేవాళ్లు. మైలోమా చరిత్రలో పేరు మిగిలిన తొలి రోగుల్లో ఒకడు లండన్ వర్తకుడు థామస్ మెక్‌బీన్. 1844లో ఒక గుహలోంచి బయటికి గెంతినప్పుడు ఛాతీలో ఏదో పుటుక్కుమన్నట్టు అనిపించింది అతనికి. వైద్యుడు విలియం మెకింటైర్ 1850లో ఆ కేసును ప్రచురించినప్పుడు ఆ గెంతు కూడా రాశాడు. అతని మూత్రంలోని వింత ప్రోటీన్‌కే తరువాత దాన్ని పరీక్షించిన వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ పేరు స్థిరపడింది. 1846 జనవరి 1న మెక్‌బీన్ చనిపోయాడు. ఆ గెంతు లేకపోతే ఆ కాగితంలో మనకు ఒక మూత్రం సీసా మాత్రమే మిగిలేది.

లీసా రే పుస్తకం బలం సరిగ్గా 'తరువాత'లో ఉంది. చికిత్స అయి, జబ్బు లేదని ప్రకటించి, 2012లో పెళ్లి చేసుకుంది. నెల తిరగకుండానే జబ్బు మళ్లీ కనబడింది. పుస్తకం అక్కడ ఆగిపోదు, ఆమె బతుకూ ఆగలేదు. మళ్లీ వైద్యం, మళ్లీ పరీక్షలు, కవల ఆడపిల్లలు, పని. జబ్బు ఉన్న బతుకును బతుకుగా రాసింది. పరీక్షకు వెళ్లే రోజు గుబులును, ఫలితం వచ్చిన తరువాతి మామూలు రోజును మన సినిమాల్లో నేనెక్కడా చూడలేదు.

ఒక జాగ్రత్త. ఆ పుస్తకం మన రైతు జబ్బుకు సరిపోయే పుస్తకం కాదు. ఆమెది మూలుగలోని మైలోమా, ఆయనది మూలుగ బయటి గడ్డ. ఈ తేడా తెలియక కొడుకు ఫోనులో వెతికితే ఇంకో గందరగోళం ఎదురవుతుంది. మైలోమా ముదిరి మూలుగ దాటి కండల్లోకి, కాలేయంలోకి పాకడాన్ని కూడా ఎక్స్‌ట్రామెడుల్లరీ అనే అంటారు. అది చాలా చెడ్డ కబురు. మూలుగ శుభ్రంగా ఉండి ముక్కులో మాత్రమే పుట్టిన గడ్డ మంచి కబురుకు దగ్గరిది. రెండింటి పేర్లూ ఒకేలా మొదలవడంతో, రాత్రి పూట ఫోను వెలుగులో చదివిన కొడుక్కు మొదటిదే తగులుతుంది. మరుసటి రోజు "చెప్పొద్దు సార్" అనే మాట అక్కడి నుంచే పుడుతుంది.

ఆ కొడుకు డాక్టరును అడగవలసినవి వేరే ఉన్నాయి. మూలుగ పరీక్షలో ఏమొచ్చింది? ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా? రక్తంలో ఆ ఒకే రకం ప్రతిరక్షకం ఇప్పుడు ఎంత, రేడియేషన్ తరువాత ఎంతకు దిగాలి? మళ్లీ ఎప్పుడు రావాలి, అదే పరీక్ష కృష్ణగిరిలోనో హోసూరులోనో చేయించి రిపోర్టు పంపవచ్చా? ఇవన్నీ తండ్రిని పక్కన కూర్చోబెట్టుకునే అడగాలి. తరువాత బస్సెక్కి ఆ రక్తం ఇవ్వాల్సినవాడు ఆయనే.